అండర్-13 బ్యాడ్మింటన్: క్లియర్ వెనక్కి వెళ్లడం లేదు, గట్ టెన్షన్ తగ్గించాలా?

పాపకి పన్నెండేళ్లు, సింగిల్స్ ఆడుతుంది. రాకెట్ 4యూ (80–84 గ్రాములు), గట్ (రాకెట్ తీగలు) టెన్షన్, అంటే బిగువు, 26 పౌండ్లు. ఎడమ వెనక మూల నుంచి కొట్టే క్లియర్ (షటిల్‌ని ఎత్తుగా అవతలి కోర్టు చివరికి పంపే షాట్) సగం కోర్టులోనే పడుతోంది, అవతలివాళ్లకి తేలిక స్మాష్. టెన్షన్ ఎక్కువైతే స్వీట్ స్పాట్ (రాకెట్‌లో షటిల్ బాగా తగిలే చోటు) చిన్నదవుతుంది, ఊపంతా చేతిదే కావాలి. అందుకే 22కి దించి, ఇంకా తేలికైన 5యూ రాకెట్ ఇద్దామా అని. అయితే పక్కనుంచి తీసిన వీడియోలో షటిల్ తల దాటాకే తగులుతోంది. అంటే తప్పు షటిల్ వెనక్కి సమయానికి చేరని కాళ్లదేనేమో! ప్రాక్టీసు నైలాన్‌తో, పోటీలు ఈకల షటిల్‌తో, అదీ తేడానే.

కోచింగ్ అనుభవమున్నవాళ్లు చెప్పండి: ముందు టెన్షనా, ఫుట్‌వర్కా? ఈ వయసుకి మల్టీ-షటిల్ డ్రిల్లు (వరసగా షటిళ్లు వేస్తూ ఆడించే సాధన) 20 షటిళ్ల చొప్పున ఎన్ని సెట్లు? మోచేయి నొప్పి మొదలైతే పూర్తిగా ఆపాలా?