కమ్మరి చేసిన కత్తులు నూరడానికి ఏ రాయి కొనాలి?

కావలి_తీరం:
లారీ కమాను పట్టాతో కమ్మరి దగ్గర కొట్టించిన కత్తులు రెండున్నాయి. ఒకటి కూరగాయలకి, వెడల్పు 45 మి.మీ. రెండోది మాంసం కొట్టే బరువు కత్తి. చేపలకి కత్తిపీట వేరే ఉంది. కూరగాయల కత్తి నూరగానే కాగితం బాగానే కోస్తుంది గానీ, క్యారెట్ మీద పెడితే తెగడం కాదు, టప్పున చీలుతుంది. రెండు రోజులకి టమాటా తొక్క మీద జారిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు ముఖాల (ఒకటి గరుకు, ఒకటి నున్నన) కార్బొరండం రాయి చాలా, నీళ్ళతో తడిపి వాడే నూరుడు రాయి, అదే వాటర్‌స్టోన్, కొనాలా, బెంచ్ గ్రైండర్ మీద పట్టిస్తే సరిపోతుందా? ఎట్టా చేస్తే మంచిదో చెప్పండన్నా.

కొలిమి_పక్కన:
తమ్ముడూ, రాయి సంగతి తర్వాత చూద్దాం. నువ్వు చెప్పిన రెండింటికీ కారణాలు వేరు.

క్యారెట్ చీలేది మందం వల్ల. గట్టిపడటానికి ఎర్రగా కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచేటప్పుడు పలచటి అంచు వంకరపోతుంది, పగులుతుంది. అందుకని కమ్మరి మందంగానే వదిలేస్తాడు, ఆ తర్వాత పలచన చేసేవాళ్ళు తక్కువ. నూరిన మెరుపు చార ఎక్కడ ఆగుతుందో, సరిగ్గా ఆ గీత దగ్గర వెర్నియర్ (మందం కొలిచే సాధనం) పెట్టి చూడు. కూరగాయల కత్తికి అక్కడ 0.3 నుంచి 0.4 మి.మీ. ఉండాలి, అంటే మూడు నాలుగు ఏ4 కాగితాల మందం. నీ దాంట్లో 1 మి.మీ. దాకా ఉంటుందనుకుంటా. అంత మందం ఉంటే అంచు ఎంత నూరినా ఆ కత్తి మేకులాగా దిగుతుంది.

దీనికి కార్బొరండం రాయి గరుకు ముఖం మీద కత్తిని దాదాపు పడుకోబెట్టి, వీపు (అంచుకి ఎదురుగా ఉండే మందపు వైపు) 3 మి.మీ. మాత్రమే లేపి, రెండు పక్కలా సమంగా అరగదియ్యాలి. ఓపిక కావాలి, ఒక పూటలో అయ్యే పని కాదు. అంచు దాకా పోకుండా వెంట్రుక వాసి ముందే ఆపు.

ఇక పదును నిలవకపోవడం. అంచు మీద ఆకురాయి తేలిగ్గా తోసి చూడు. గాజు మీద జారినట్టు పోతే ఉక్కు గట్టిగా ఉన్నట్టు, పట్టి రజను రాలిస్తే మెత్తన. మడమ (పిడి వైపు కొస) దగ్గర, మధ్యలో, మొన దగ్గర మూడు చోట్లా చూడాలి, చేత్తో ముంచిన కత్తి అన్నిచోట్లా ఒకేలా గట్టిపడదు. లైటు కింద అంచు పక్కకి వాలి మెరుస్తుంటే మెత్తన లేదా కోణం మరీ తక్కువ. అర్ధచంద్రాల్లా ఊడిపోయి ఉంటే మరీ పెళుసు.

పెన్నా_ఒడ్డు:
కోణానికి గైడులేమీ కొనక్కర్లేదు. రాయి మీద నుంచి వీపు ఎత్తు, కత్తి వెడల్పులో నాలుగో వంతు ఉంటే పక్కకి దాదాపు 15 డిగ్రీలు, మూడో వంతు ఉంటే 20. నీ 45 మి.మీ. కత్తికి 11, 15 మి.మీ. అన్నమాట. కూరగాయలకి 15, మాంసం కొట్టే కత్తికి 25కి తగ్గొద్దు, ఎముక తగిలితే అంచు లేచిపోతుంది. అంచుకి పర్మనెంట్ మార్కర్ పూసి నాలుగు సార్లు లాగు. రంగు పైన మాత్రమే పోతే వీపు మరీ కిందికి దించావు, అంచు కొసనే పోతే మరీ లేపావు.

ఒక పక్కే నూరుతూ పోతే అవతలి పక్క సన్నటి గరుకు లేస్తుంది, బర్ అంటారు. బొటనవేలితో వీపు వైపు నుంచి అంచు దాటించి లాగితే తగులుతుంది. మడమ నుంచి మొన దాకా అది తగిలాకే కత్తి తిప్పాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పదేసి సార్లని లెక్కపెట్టి తిప్పేస్తే మధ్యలో మొద్దుగానే మిగిలిపోతుంది. చివర్లో బరువు తగ్గించుకుంటూ పక్కకొకసారి మార్చి లాగి, పాత తోలు బెల్టు గరుకు వైపు ఆకుపచ్చ పాలిష్ పూసి, అంచు వెనక్కి ఉండేట్టు లాగితే బర్ రాలిపోతుంది. రాలకపోతే అదే పడుకుంటుంది. నీ టమాటా బాధలో సగం దీనివల్లే అయ్యుండొచ్చు.

రాళ్ళ విషయానికొస్తే, బరువు కత్తికీ కత్తిపీటకీ కార్బొరండం చాలు. కూరగాయల కత్తికి మాత్రం 1000 గ్రిట్ వాటర్‌స్టోన్ ఒకటి తీసుకో (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన). 6000, 8000 వంటింటికి అక్కర్లేదు, అంచు మరీ నున్నగా అయితే టమాటా తొక్కని పట్టదు.

ఒంగోలు_లేత్:
బెంచ్ గ్రైండర్ వద్దు. 2,800 ఆర్‌పీఎమ్ మీద తిరిగే ఆరంగుళాల చక్రానికి పలచటి అంచు తాకితే రెండు మూడు సెకన్లలో నీలం తిరుగుతుంది. నీలం అంటే 300 డిగ్రీల దగ్గర, అక్కడ గట్టిదనం దిగిపోయినట్టే. నీళ్ళలో ముంచినా తిరిగి రాదు, ఆ భాగం మొత్తం అరగదీసి పారెయ్యాల్సిందే. సైకిల్ సాన వాళ్ళు నిదానంగా, నీళ్ళు చల్లుతూ పడితే ఫర్వాలేదు.

ఇంకొకటి, రాయి మధ్యలో గుంటపడితే కోణం నిలవదు. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ పలక ముక్క ఒకటి తెచ్చుకో, ఒంగోలు చుట్టుపక్కల కొరత లేదు. దాని మీద 220 వాటర్ పేపర్ తడిపి పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి రుద్దు. గళ్ళన్నీ చెరిగితే చదునైనట్టు. రాయి మీద వంటనూనె పొయ్యొద్దు, జిగురుగా ఎండి రాయి మూసుకుపోతుంది. నీళ్ళే వాడు.

కావలి_తీరం:
చాలా థాంక్స్ అన్నా. కత్తిపీటని రాయి మీద లాగలేం కదా, దానికెట్టా?

కొలిమి_పక్కన:
పీటని కాలితో నొక్కిపెట్టి రాయినే కత్తి మీదికి తేవాలి. కొడవళ్ళు నూరే పడవ ఆకారం రాయి తీసుకో, లోపలి వంపులో చదును రాయి పట్టదు. రాయిని కత్తి వీపు వైపు నుంచి అంచు వైపు కాకుండా, అంచు వెంబడి కింది నుంచి మొనకి ఏటవాలుగా తోస్తూ పో. వేళ్ళు రాయి అంచు దాటి ముందుకి రాకూడదు. చేపలు కోశాక ఉప్పు తడి ఉంచితే సముద్రపు గాలికి తెల్లారేసరికి తుప్పు చుక్కలేస్తాయి. కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి పెట్టు.