నవల చదివితే ఫిలాసఫీ చదివినట్టేనా?

అశోక్‌నగర్ అభ్యర్థి:
సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నాను. ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ దగ్గర బండి ఆగిపోయింది. ఎంపిక, బాధ్యత అని నోట్సు బట్టీ కొడుతున్నానే గానీ బుర్రకెక్కట్లేదు. మా రూమ్మేట్ తెలుగు ఎమ్మే, ఆ నోట్సు పక్కన పడేసి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదువు, అంతా అందులోనే ఉందంటాడు. నాకేమో నవలలో తత్వం అంటే చేదు మాత్రకి చక్కెర పూతలా అనిపిస్తుంది. నవల చేసే పని నిజంగా వేరే ఉందా, లేక అదే విషయాన్ని సాగదీయడమేనా?

పాతపుస్తకం:
మీ రూమ్మేట్ సగం కరెక్ట్. గోపీచంద్ ‘తత్త్వవేత్తలు’ అని విడిగా ఒక పుస్తకం రాశాడు, కాబట్టి రెండు పనులూ తెలిసిన మనిషి. నవలలో హీరో సీతారామారావుకి ప్రతిదానికీ ఒక వాదన ఉంటుంది, ఆస్తి కరిగిపోతున్నా సరే, మనుషులు దూరమవుతున్నా సరే. కొన్ని వాదనలు విడిగా చూస్తే బానే ఉన్నాయే అనిపిస్తాయి కూడా. కానీ వాటిని అనుభవించేది ఇంట్లోవాళ్లు. ఫిలాసఫీ పుస్తకంలో ఆలోచించే మనిషికి పెళ్లాం పిల్లలు ఉండరు, అప్పులవాళ్లు గుమ్మంలోకి రారు. నవలలో వస్తారు. నాకు తేడా అక్కడే కనిపిస్తుంది.

చిక్కడపల్లి వాసి:
ప్లేటోని మర్చిపోకండి. ‘రిపబ్లిక్’ పదో భాగంలో కవుల్ని ఆదర్శ రాజ్యం నుంచి వెళ్లగొడతాడు, అదే భాగాన్ని ఎర్ అనే సైనికుడు చచ్చి బతికొచ్చిన కథతో ముగిస్తాడు! అసలా పుస్తకమంతా పిరేయస్ రేవులో ఒక పెద్దాయన ఇంట్లో జరిగే కబుర్లే కదా.

మెయిన్స్ రాసినోడు:
అన్నా, ఇవన్నీ వినడానికి బాగుంటాయి. ఫ్రెంచి రచయిత కామూ 1942లోనే నవల ‘ది స్ట్రేంజర్’, వ్యాసం ‘ది మిత్ ఆఫ్ సిసిఫస్’ రెండూ వేశాడు. ఒకటి రెండోదాని పని చేసేదైతే రెండూ ఎందుకు? పైగా కామూ మన సిలబస్‌లోనే లేడు, కీర్కెగార్డ్, సార్త్ర్, హైడెగర్ ఉన్నారు. పది మార్కుల ప్రశ్నకి సీతారామారావు గురించి రాస్తే సున్నా వేస్తారు. ముందు నోట్సు పూర్తి చెయ్, నవల ఇంటర్వ్యూ అయ్యాక.

పాతపుస్తకం:
@మెయిన్స్ రాసినోడు, రెండూ ఎందుకు రాశాడని మీరడిగిందే నా మాట కూడా. మార్కుల సంగతి ఒప్పుకుంటా, దానికి నోట్సే దిక్కు.

అశోక్‌నగర్ అభ్యర్థి:
సరే, పొద్దున నోట్సు, పడుకునే ముందు నవల. పాత కాపీ ఎక్కడైనా దొరుకుతుందా?

చిక్కడపల్లి వాసి:
ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూడండి. లేకపోతే మా సిటీ సెంట్రల్ లైబ్రరీకి వచ్చెయ్యండి, మీకు నడకదూరమే.