గంటలకి గంటలు చదువుతున్నా పరీక్షలో ఏదీ గుర్తురావట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

ప్రశ్న (డిగ్రీ ఫస్టియర్):
అన్నలూ అక్కలూ, కొంచెం చెప్పండి. స్కూల్లో పరీక్షకి ముందు నాలుగు రోజులు గట్టిగా కూర్చుంటే మంచి మార్కులొచ్చేవి. యూనివర్సిటీకొచ్చాక మొదటి సెమిస్టర్‌లోనే రెండు సబ్జెక్టులు పోయాయి. బద్ధకం కాదు, రోజూ లైబ్రరీలో ఐదారు గంటలు కూర్చునేవాణ్ణి, చాప్టర్ చదివి హైలైటర్‌తో గీసి మళ్లీ రెండుసార్లు చదివేవాణ్ణి. పుస్తకం తెరిస్తే అంతా తెలిసిందే అనిపిస్తుంది, పేపర్ చేతికొచ్చాక మాత్రం బుర్ర ఖాళీ. ఎంట్రోపీ గురించి రాయమంటే ఆ డెఫినిషన్ ఎడమ పేజీలో కింద పసుపు రంగులో ఉందని గుర్తొచ్చింది, అక్కడ ఏం రాసుందో గుర్తురాలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇంకెన్ని గంటలు పెంచాలి?

జవాబు (పీజీ చదువుతున్న అక్క):
తమ్ముడూ, గంటలు పెంచకు. ఐదారు గంటలు చాలు, నిజానికి ఎక్కువే. నువ్వు చదివిందే మళ్లీ చదువుతున్నావ్, కంటికి అలవాటైపోయింది కాబట్టి వచ్చేసినట్టు అనిపిస్తుంది, చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు, పరీక్షలో అడిగేది రెండోది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు యూనివర్సిటీ స్టూడెంట్స్ మీదే ఇది చూశారు. ఒక పాఠం కొందరితో రెండుసార్లు చదివించారు, కొందరితో ఒకసారి చదివించి రెండోసారి చూడకుండా గుర్తున్నంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తిరగబడింది, చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంటే రాసినవాళ్లకి 56 శాతం. నీకు జరిగింది అచ్చం ఇదే.

నేను చేసేది చెప్తా. ఒక టాపిక్ అయ్యాక పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద నీలం పెన్నుతో గుర్తున్నదంతా రాస్తా. మొదట్లో నాలుగు లైన్లు కూడా వచ్చేవి కాదు, చాలా బాధేసేది, పుస్తకం తెరవాలని చెయ్యి లాగేస్తుంది, ఆ నిమిషంలోనే ఆగాలి. ఇంక రాదు అనుకున్నాక పుస్తకం తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపుతా. మర్నాడు చదవాల్సింది ఆ ఎర్రవే. హైలైటర్ పక్కన పెట్టేయ్, గీసినంత మాత్రాన తలకెక్కదు.

జవాబు (ట్యూటర్‌గా పనిచేస్తున్నా):
అక్క చెప్పింది వంద శాతం కరెక్ట్, దానికి ఒకటి కలుపుతా, ఎప్పుడు చదువుతున్నావన్నది కూడా ముఖ్యమే. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాలు తనే బట్టీపట్టి ఎంత మర్చిపోతున్నాడో లెక్కేసుకుని 1885లో అచ్చేశాడు, మరుపులో ఎక్కువ భాగం మొదటి రోజే జరిగిపోతుంది. అందుకే క్లాసయిన రోజు సాయంత్రం పదిహేను నిమిషాలు, తర్వాత మూడు రోజులయ్యాక ఒకసారి, వారమయ్యాక ఇంకోసారి, మొత్తం కలిపినా గంట దాటదు, కానీ పరీక్ష ముందు ఒకే రాత్రి మూడు గంటలు కూర్చున్నదాని కంటే గట్టిగా నిలుస్తుంది. ఆ రాత్రి మేలుకోవడం అసలే వద్దు, చదివింది మెదడులో బాగా కుదురుకోవాలంటే నిద్ర కావాలి. ఫోన్ వేరే గదిలో పెట్టు.

ప్రశ్న అడిగినవాణ్ణి:
థ్యాంక్స్ అక్కా, థ్యాంక్స్ సార్. థియరీకి అర్థమైంది, మరి లెక్కల సంగతేంటి? బుక్‌లో సాల్వ్ చేసినవి చూస్తే ప్రతి స్టెప్పూ అర్థమవుతుంది, నేనే చేయబోతే మొదటి లైన్ కూడా కదలదు.

జవాబు (ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్):
బ్రో, అదీ అదే జబ్బు. సొల్యూషన్ మీద కాగితం కప్పి ఒక్కో లైన్ కిందకి జరుపుతూ తర్వాత ఏం రావాలో ముందు నువ్వు రాసి అప్పుడు చూడు. అలా నాలుగైదు అయ్యాక ఏమీ చూడకుండా చెయ్యి. ఇంకోటి, ఒకే చాప్టర్‌వి ఇరవై వరసగా చెయ్యొద్దు, ఆరో లెక్కకొచ్చేసరికి ఏ ఫార్ములానో ముందే తెలిసిపోతుంది, పరీక్షలో అది ఏ చాప్టర్‌దో ఎవరూ చెప్పరు కదా, మూడు చాప్టర్లవి కలిపి చెయ్యి. ఎక్కడ ఆగావో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని ప్రొఫెసర్ దగ్గరికెళ్లు. "సార్ అర్థం కాలేదు" అంటే ఆయనకీ ఏం చెప్పాలో తెలీదు, "మూడో లైన్‌లో ఈ టర్మ్ ఎందుకు సున్నా అయింది" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నేను సెకండియర్ దాకా మొహమాటపడి వెళ్లలేదు, ఏడాదంతా పోయింది. పోయిన రెండు పేపర్లు కూడా తెచ్చుకుని చూడు, మార్కులు ఎక్కడ పోయాయో అందులోనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవాణ్ణి (తొమ్మిది రోజుల తర్వాత):
ఎంట్రోపీ చాప్టర్‌కి అక్క చెప్పినట్టు చేశా. మొదటిరోజు నీలంలో మూడు లైన్లు, మిగతా కాగితమంతా ఎరుపే, ఏడుపొచ్చింది. నిన్న మళ్లీ రాస్తే ఎరుపు ఐదు చోట్లే. రేపు ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తున్నా, రెండు డౌట్లు లైన్ నంబర్‌తో సహా రాసిపెట్టుకున్నా. ఇంట్లో కూడా రాత్రి చెప్పేశాను.