అత్తగారికి షుగర్ పడిపోయి కారు ఆపితే నో పార్కింగ్ చలానా వచ్చింది, కట్టేయాలా, కొట్లాడాలా?

ఎంవీపీ సెక్టార్ ఆరు:

అందరికీ నమస్కారం. పోయిన వారం మా అత్తగారిని, బాబుని తీసుకుని ద్వారకానగర్ వెళ్లాను, పెళ్లి బట్టల పని. ఆవిడకి ఇన్సులిన్ ఉంది. చీరల గొడవలో పడి భోజనం బాగా ఆలస్యమైంది, సాయంత్రం ఏదో రెండు బిస్కెట్లు తిన్నారంతే. ఇంటికి బయల్దేరి డైమండ్ పార్క్ దగ్గరికి వచ్చేసరికి ఒళ్లంతా చెమటలు, మాట తడబడిపోతోంది, పిలిస్తే ఊ అంటున్నారు గానీ కళ్లు తెరవట్లేదు. ఇంక అక్కడ చోటు ఉందా, బోర్డు ఉందా అని ఎవరు చూస్తారండీ, ఎడమ పక్కకి తీసి, ఇండికేటర్లు రెండూ వేసి, గాలి తగలాలని ఆవిడ వైపు తలుపు తీసి, బాబుని "నానమ్మతో మాట్లాడుతూ ఉండు" అని చెప్పి ఎదురుగా ఉన్న మందుల షాపుకి పరిగెత్తాను. గ్లూకోజ్ కొని తాగించి, ఆవిడ తేరుకున్నాక బయల్దేరాం.

నిన్న మా ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, నో పార్కింగ్ చలానా. ఆయన స్టీల్ ప్లాంట్‌లో బీ షిఫ్ట్‌లో ఉండి ఆ రోజు బండి ముట్టుకోనే లేదు. డబ్బులు పెద్ద లెక్క కాదు, కానీ మనిషి పోతుందేమో అని ఆపితే తప్పు చేసినట్టు కాగితం రావడం నాకు మింగుడు పడట్లేదు. నెట్‌లో వెతికితే 14 రోజుల్లో కడితే సగమే అని, కౌన్సిల్‌కి అప్పీల్ రాయాలి అని ఏవేవో ఉన్నాయి. మనకి కౌన్సిల్ అంటే వైజాగ్ కార్పొరేషన్, జీవీఎంసీయేనా? అక్కడికి వెళ్లాలా? ఎవరైనా ఇలాంటిది నెగ్గారా?

గాజువాక గేర్:

కట్టేసి వదిలేయండి మేడమ్. దీని కోసం ఒక పూట లీవు పెడితే చలానా కంటే ఎక్కువ పోతుంది. ఎమర్జెన్సీ అని చెప్పేవాళ్లు వాళ్లకి రోజూ వంద మంది కనపడతారు, మీది నిజమని ఎవరు నమ్ముతారు?

లీసెస్టర్‌లో విశాఖ:

మీరు నెట్‌లో చదివింది మా ఇంగ్లండ్ సంగతి, దాన్ని పట్టుకుని వైజాగ్‌లో తిరగకండి. ఇక్కడ రోడ్డు పక్క పార్కింగ్ చూసేది కౌన్సిల్ కాబట్టి నోటీసు వాళ్లే ఇస్తారు, 14 రోజుల్లో కడితే సగం. ఆ గడువులోనే ముందు ఒక ఉత్తరం రాసి అభ్యంతరం చెప్పొచ్చు, కుదరదంటే చాలా కౌన్సిళ్లు సగం కట్టే అవకాశం మళ్లీ ఇస్తాయి. తర్వాత బండి ఓనరుకి ఇంకో నోటీసు వస్తుంది, దానికి 28 రోజుల్లో జవాబు, అప్పటికీ కాదంటే ట్రిబ్యునల్ (కౌన్సిల్‌తో సంబంధం లేకుండా అప్పీళ్లు వినేది), దానికి ఫీజు లేదు. లండన్‌కి వేరే, మిగతా ఇంగ్లండ్‌కి వేరే. మా రూమ్మేట్‌కి ఆస్తమా వచ్చి, బండి ఆపకూడని పసుపు గీతల మీద ఆపితే హాస్పిటల్ కాగితం, షాపు రసీదు పంపాడు, మొదటి ఉత్తరానికే వదిలేశారు. పని చేసింది రసీదు మీద టైమే, వాడి ఇంగ్లిష్ కాదు (వాడి ఇంగ్లిష్ గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది). మీరూ టైము ఉన్న కాగితాలు జాగ్రత్త చేసుకోండి, దానికి దేశం తేడా లేదు.

నల్లకోటు:

ముందు ఒకటి చెప్తాను, కొట్లాడాలని ఉంటే డబ్బు కట్టకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద చలానా కట్టడమంటే రాజీ పడటం, అక్కడితో కేసు అయిపోయినట్టే. కట్టేసి "నిరసనతో కట్టాను" అని రాసినా ఉపయోగం లేదు. చాలామంది ఇక్కడే చేజార్చుకుంటారు.

జీవీఎంసీకి వెళ్లొద్దు. ఈ చలానా ట్రాఫిక్ పోలీసులది, కార్పొరేషన్‌కి దాన్ని రద్దు చేసే అధికారం లేదు. జీవీఎంసీ మాట వచ్చేది వేరే చోట. సెక్షన్ 117 ప్రకారం బళ్లు ఎక్కడ నిలపొచ్చో నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థని సంప్రదించాలి. మీరు ఆపిన చోట అసలు బోర్డు ఉందో లేదో పగటిపూట వెళ్లి ఫొటో తీసుకోండి. చెట్టు కొమ్మల చాటున ఉంటే అది కూడా తీయండి, కారు వచ్చే దిక్కు నుంచి తీయాలి, బోర్డు కిందకి వెళ్లి తీస్తే అర్థం లేదు.

ఇప్పుడు చలానా తెరిచి ఏ సెక్షన్ రాశారో చూడండి. 122 ఉంటే దాని మాటలు ఇవి: ఇతరులకి ప్రమాదం గానీ, అడ్డంకి గానీ, అనుచితమైన ఇబ్బంది గానీ కలిగేలా, లేదా కలిగే అవకాశం ఉండేలా బండి వదిలేయడం గానీ, ఆపి ఉంచడం గానీ. అంటే బండి ఆగింది అన్నదొక్కటే సరిపోదు, ఎలా ఆగింది, ఏ పరిస్థితిలో ఆగింది అన్నది కూడా లెక్కే. అయితే ఉన్నమాట చెప్పాలి, ఎమర్జెన్సీ అయితే చలానా దానంతట అదే పోతుంది అని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. అది అధికారి విచక్షణ, ఆయన కాదంటే మేజిస్ట్రేటు. సెక్షన్ 177 కింద మొదటిసారికి జరిమానా చట్టం ప్రకారం 500 దాకా, తర్వాత 1500 దాకా. దాని కోసం నాలాంటివాడిని పెట్టుకుంటే నా ఫీజు దాన్ని మించిపోతుంది, కాబట్టి లాయరు వద్దు, అర్జీ మీరే రాసుకోండి.

దారి రెండు చోట్ల ఉంది. పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టే చోట చలానా నంబరు, ఫొటోలు ఎక్కించండి. దాంతోపాటు కాగితం మీద అర్జీ రాసి ట్రాఫిక్ పోలీసు ఆఫీసులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే రోజు అయితే అధికారి ఎదురుగా ఉంటారు, నోటితో రెండు ముక్కలు చెప్పుకోవచ్చు. చలానాలో ఫొటో ఉందా? అందులో ఏం కనిపిస్తోంది?

కాంప్లెక్స్ క్యాబ్:

అక్కా, నేను ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర క్యాబ్ నడుపుతాను, ఆ రోడ్డు నాకు బాగా తెలుసు, సాయంత్రం పూట అక్కడ ఒక్క బండి ఆగితే వెనక సిటీ బస్సు ఆగిపోతుంది, అందుకే ఫొటోలు కొట్టేస్తారు. వాళ్ల బాధ కూడా ఉంది. ఈసారి ఇలాంటిది వస్తే కానిస్టేబుల్ కనిపిస్తే చెయ్యి ఊపి చెప్పేయండి, పేషెంట్ ఉంది అని, చాలామంది దగ్గరుండి నీళ్లు కూడా తెచ్చి ఇస్తారు. ఎవరూ లేకపోతే 112కి కొట్టండి, ఆ కాల్ రికార్డే మీకు సాక్ష్యం అవుతుంది. క్రేన్ వస్తే మాత్రం బండిలో మనిషి ఉన్నారని గట్టిగా అరవాల్సిందే.

కానీ మా వాళ్లలో కూడా టిఫిన్‌కి ఆగి "పేషెంట్" అని చెప్పే బాపతు ఉన్నారు, వాళ్ల వల్లే నిజం చెప్పినవాడిని కూడా నమ్మరు.

ఎంవీపీ సెక్టార్ ఆరు:

లాయరు గారికి చాలా థాంక్స్ అండీ. ఫొటో ఇప్పుడు పెద్దది చేసి చూశాను. సెక్షన్ 122 అనే ఉంది. ఫొటో వెనక నుంచి తీశారు, నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది, ముందు ఎడమ తలుపు తెరిచి ఉంది, అత్తగారి చీర కొంగు తలుపు బయటికి వేలాడుతోంది! బోర్డు ఫొటోలో లేదు. ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో తెలియట్లేదు. మందుల షాపులో ఫోన్‌పే చేశాను, ఫొటో మీద టైముకి, దానికి మూడు నిమిషాలే తేడా. కానీ కొన్నాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాం, పావుగంట పైనే. "గ్లూకోజ్ తాగించాక వెళ్లిపోవచ్చు కదా" అంటే ఏం చెప్పాలి?

నైట్ డ్యూటీ:

నేను నర్సుని, ఆ ప్రశ్నకి నేను చెప్తాను. షుగర్ 70 కంటే కిందకి పడితే 15 గ్రాముల చక్కెర లాంటిది ఇచ్చి, 15 నిమిషాలు ఆగి, మళ్లీ పరీక్ష చేసి, ఇంకా పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. ఇది ఏ డయాబెటిస్ క్లినిక్‌లో అడిగినా చెప్పే పద్ధతి. అంటే మీరు పావుగంట ఆగడం మీ ఇష్టం కొద్దీ కాదు, మధ్యలో బయల్దేరి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర మళ్లీ పడిపోతే ఏం చేసేవారు? ఇది అర్జీలో ఒక వాక్యం రాయండి, డాక్టరుతో ఇదే ముక్క చీటీ మీద రాయించండి.

ఇంకోటి, ఇంటికొచ్చాక గానీ కార్లో గానీ మీటరుతో చూశారా? మీటర్లో పాత రీడింగులు తేదీ, టైముతో ఉండిపోతాయి. కానీ బ్యాటరీ మార్చాక గడియారం సరిచేసేవాళ్లని నేను చూడలేదు, చాలా మీటర్లలో ఇంకా ఏదో పాత సంవత్సరమే నడుస్తూ ఉంటుంది. కాబట్టి మీటరు గడియారం ఇప్పుడు సరిచేయకండి, అలాగే ఉంచి పక్కన ఫోన్ టైము కనిపించేలా ఒక ఫొటో తీయండి. తేడా ఎంతో అందులోనే తెలిసిపోతుంది, రేపు ఎవరూ మార్చారని అనరు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈసారి ఆవిడ పిలిస్తే పలకని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి చేయండి. కార్లో గ్లూకోజ్ ప్యాకెట్ ఒకటి పడేసి ఉంచండి.

ఎంవీపీ సెక్టార్ ఆరు:

కార్లో చూడలేదండీ, మీటరు ఇంట్లో ఉంది, ఇంటికి వెళ్లగానే చూస్తే 104 వచ్చింది. అంటే అప్పటికి పెరిగిపోయింది, అది నాకు వ్యతిరేకంగా పోదు కదా?

నైట్ డ్యూటీ:

పోదు, గ్లూకోజ్ తాగాక ఇన్సులిన్ మనిషికి 104 ఉందంటే అంతకు ముందు ఇంకా తక్కువే ఉండి ఉంటుందని ఏ డాక్టరైనా అర్థం చేసుకుంటారు. ఉన్న నంబరే రాయండి, 50 అని ఊహించి రాయొద్దు.

నల్లకోటు:

ఆ చీర కొంగు ఫొటో ఉందే, అది మీ అసలు సాక్ష్యం. వాళ్లు తీసిన ఫొటోలోనే తలుపు తెరిచి ఉంది, లోపల మనిషి ఉంది. సరుకులు కొనడానికి బండి వదిలేసి వెళ్లినవాళ్లు తలుపు తీసి పెట్టి పోరు. దాన్ని ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో చుట్టండి. అసలు ఫైలు సైట్ నుంచి ఇవాళే దించుకోండి.

అయితే ఎదుటివైపు వాదన కూడా తెలిసి ఉండాలి. డ్రైవర్ సీట్లో లైసెన్సు ఉన్నవాళ్లు లేరు. సెక్షన్ 126 ప్రకారం అలాంటప్పుడు ఇంజిన్ ఆపి, బ్రేకు వేసి ఉండాలి. మీరు ఇంజిన్ ఆపి తాళం తీసుకెళ్లి ఉంటే అది రాయండి. ఏసీ కోసం నడుస్తూ వదిలేసి ఉంటే దాని గురించి అబద్ధం మాత్రం రాయకండి, అడిగితే చెప్పండి.

అర్జీ అరపేజీ దాటొద్దు. ఇలా రాస్తే చాలు, మీ వివరాలు నింపుకోండి:

"అయ్యా, ఫలానా నంబరు కారుపై ఫలానా తేదీన నో పార్కింగ్ చలానా వచ్చింది. ఆ సమయంలో కారు నడిపింది నేను. ఇన్సులిన్ వాడే మా అత్తగారికి ప్రయాణంలో షుగర్ పడిపోయి స్పృహ తప్పే స్థితి రావడంతో కారు ఎడమ అంచున ఆపి, ఎదురుగా ఉన్న మందుల షాపులో గ్లూకోజ్ కొని తాగించాను. వైద్య సలహా ప్రకారం పదిహేను నిమిషాలు చూసి బయల్దేరాను. చలానా ఫొటోలోనే ముందు తలుపు తెరిచి, రోగి లోపల ఉన్నట్టు కనిపిస్తుంది. షాపు చెల్లింపు వివరం, డాక్టరు చీటీ, ఆ చోటి ఫొటోలు జతచేశాను. పరిస్థితి దృష్ట్యా చలానా ఉపసంహరించవలసిందిగా కోరుతున్నాను."

అంతే. పోలీసుల మీద విమర్శ ఒక్క మాట కూడా వద్దు, "మిగతా బళ్లకి ఎందుకు వేయలేదు" అని అసలే వద్దు. ఆ వాదనతో నెగ్గినవాడిని నేను చూడలేదు.

గాజువాక గేర్:

సరే, నేను కట్టేయమన్నాను గానీ ఆ కొంగు సంగతి విన్నాక అర్జీ పెట్టాలనే నాకూ అనిపిస్తోంది. అయినా వాళ్లు జవాబివ్వకుండా నానిస్తే? నా స్నేహితుడిది అలాగే పెండింగ్‌లో ఉండి బండి అమ్మేటప్పుడు ట్రాన్స్‌ఫర్ దగ్గర ఆగిపోయింది, చివరికి కట్టాడు.

నల్లకోటు:

నిజమే, పెండింగ్ చలానా ఉంటే ఆర్టీఏ పనుల దగ్గర అడ్డు తగులుతుంది. అందుకే అర్జీ ఇచ్చి మర్చిపోకూడదు. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి రెండే అడగండి: నా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు, ఆ చోటిని నో పార్కింగ్‌గా ప్రకటించిన ఉత్తర్వు నకలు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాసార్లు రెండో ప్రశ్నకే ఫైలు కదులుతుంది. లోక్ అదాలత్ గురించి కూడా అడుగుతారు జనం, అది రాజీకి పనికొస్తుంది, తప్పు లేదని తేల్చుకోవడానికి కాదు.

మేడమ్, ఒక మాట మర్చిపోయాను. ఆర్సీ మీ ఆయన పేరు మీద ఉంది కదా, అర్జీ మీద ఆయన సంతకం కూడా పెట్టించండి, లేకపోతే కౌంటర్ దగ్గరే వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఎంవీపీ సెక్టార్ ఆరు:

ఆయనకి ఈ వారం ఏ షిఫ్ట్, మధ్యాహ్నం దిగుతారు, సోమవారం ఇద్దరం వెళ్తాం. తాళం తీసుకునే వెళ్లాను లాయరు గారూ, బాబుకి ఇంజిన్ నడిచే బండి అప్పగించే ధైర్యం నాకు లేదు. డాక్టరు చీటీ రేపు రాయించుకుంటాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.