వాటర్ ఫిల్టర్‌లో యూవీ బల్బు మార్చినా వెలగడం లేదు, అర్జెంట్

తెనాలి_ఇల్లు:
పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను. వాటర్ ఫిల్టర్‌లో నీళ్లలోని క్రిముల్ని చంపే యూవీ (అతినీలలోహిత) బల్బు పోయింది. బజారుకెళ్లి కొత్తది తెచ్చి పెట్టాను. పొడవు అచ్చంగా సరిపోయింది, పిన్నులు కూడా చక్కగా కూర్చున్నాయి. కానీ స్విచ్ వేస్తే రెండు చివర్లూ ఎర్రబడి అంతటితో ఆగిపోతోంది. మధ్యలో వెలుగే రావడం లేదు. అడాప్టర్ బాగానే ఉంది, మోటారు తిరుగుతోంది, నీళ్లు వస్తున్నాయి. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే ఏడాది కాంట్రాక్టు కడితేనే మనిషిని పంపిస్తామంటున్నారు. ఇంట్లో చిన్నపాప ఉంది, నీళ్ల గురించి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సర్వీస్_బ్యాగ్:
ఎన్ని వాట్లు? చోక్ మీద ఏం రాసుంది? ఫోటో పెట్టండి.

తెనాలి_ఇల్లు:
అందరి ఇళ్లలో ఉండే మామూలు బల్బే అండి. సన్నగా, జానెడు పొడవు. అడాప్టర్ బాగుందని పైన రాశాను కదా.

ఆర్వో_వద్దు:
అసలు ముందు ఒక మాట అడుగుతాను. తెనాలిలో మీకు వచ్చేది కృష్ణా కాలవ నీళ్లు. మీ నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, ఎప్పుడైనా కొలిచారా? లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ లవణాలను పొరతో వడగట్టే ఆర్వో అవసరమే లేదు. తాగునీటికి మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టుకున్న హద్దు కూడా అదే. అంతకంటే తక్కువ ఉన్న నీళ్లను ఆర్వోలో వేస్తే ఒంటికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. పైగా బిందెడు మంచినీళ్లు రావడానికి బిందెకు పైగా మురుగులోకి పోతాయి. ఎండాకాలం ట్యాంకర్ల వెంట పరిగెత్తే ఊళ్లున్న చోట ఇది పాపం కాదా? ఒక చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కుని నీళ్లు చూసుకుని, ఆ తర్వాత మిషను గురించి ఆలోచించండి.

తెనాలి_ఇల్లు:
సార్, నేను అడిగింది బల్బు గురించి.

పాత_వైర్‌మన్:
బాబూ, చివర్లు ఎర్రబడటం అంటే లోపలి తీగలు వేడెక్కుతున్నాయి కానీ గొట్టం అంటుకోవడం లేదని అర్థం. పాత ట్యూబులైట్లకు స్టార్టరు అతుక్కుపోతే ఇలాగే అయ్యేది. గొట్టంలో వెలుగు రావాలంటే మొదట ఒక్కసారి పెద్ద వోల్టేజీ తన్నాలి, ఆ తర్వాత కరెంటును అదుపులో పెట్టాలి. ఈ రెండు పనులూ చేసేది చోక్. నీ మిషన్లో అది అలసిపోయింది. బల్బు మీద అనుమానం పెట్టుకోకు, ముందు చోక్ చూడు. ఆ చూసేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకేయి. స్విచ్ ఒక్కటి ఆపి చెయ్యి పెట్టకు. నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉన్న పెట్టె అది.

తెనాలి_ఇల్లు:
అడాప్టర్ పోతే మోటారు ఎలా తిరుగుతుంది అండి? అదే అర్థం కావడం లేదు.

సర్వీస్_బ్యాగ్:
అడాప్టర్ వేరు, చోక్ వేరు. అడాప్టర్ మోటారుకి 24 వోల్టులు ఇస్తుంది. యూవీకి విడిగా చిన్న పెట్టె ఉంటుంది. మోటారు తిరిగిందని బల్బు వెలగాలని లేదు.

పాత_వైర్‌మన్:
విడిగా ఉన్నమాట నిజమే తమ్ముడూ. కానీ షాపుల్లో ఆ చిన్న పెట్టెను కూడా యూవీ అడాప్టర్ అనే అమ్ముతున్నారు. మా కాలంలో చోక్ అంటే ఇనుప దిమ్మ, ఇప్పుడు అందులో ఉండేది ఎలక్ట్రానిక్ సర్క్యూట్.

సర్వీస్_బ్యాగ్:
షాపు వాళ్లు ఏమన్నా అననీ. అడాప్టర్ అని అడిగితే 24 వోల్టులది చేతిలో పెడతారు. డబ్బులు దండగ.

పాత_వైర్‌మన్:
అందుకే పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లమంటాను. దాంట్లోనే రెండు రకాలున్నాయి: నేరుగా 230 వోల్టుల మీద పనిచేసేది ఒకటి, 24 మీద పనిచేసేది ఒకటి. ఒకదాని బదులు ఒకటి పెడితే కాలిపోతుంది, లేదా వెలగదు. ఇన్‌పుట్ అని రాసిన గీత చదివి కొనాలి. పేరు ఏదైతేనేం.

తెనాలి_ఇల్లు:
విప్పి చూశాను. సింకు కింద వైపు తెల్ల ప్లాస్టిక్ పెట్టె ఉంది. యూవీ 11 వాట్స్, ఇన్‌పుట్ 24 వోల్ట్స్ డీసీ అని ఉంది. ఒక మూల గోధుమరంగుకు తిరిగి కొంచెం ఉబ్బింది. కాలిన వాసన కూడా వస్తోంది.

సర్వీస్_బ్యాగ్:
చోక్ పోయింది. మార్చండి. పాత బల్బు బాగానే ఉండి ఉంటుంది, దాన్నే మళ్లీ పెట్టుకోండి.

తెనాలి_ఇల్లు:
పాతది లేదండి. తీసేటప్పుడే హోల్డరు బిగుసుకుపోయి లాగితే చేతిలో పగిలిపోయింది. ముక్కలు సింకులో, కింద గచ్చు మీద పడ్డాయి.

కెమిస్ట్రీ_క్లాస్:
ఒక్క నిమిషం. యూవీ బల్బు పగిలిందా? ఎప్పుడు? దాన్ని ఏం చేశారు? అందులో పాదరసం ఉంటుందండీ. పసిపాప ఉందన్నారు, దయచేసి ముందు ఈ సంగతి చెప్పండి.

తెనాలి_ఇల్లు:
పొద్దున్నే పగిలింది మేడమ్. మా ఆవిడ చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వేసింది. పాదరసం ఏమీ కనబడలేదే, గాజు ముక్కలే ఉన్నాయి.

కెమిస్ట్రీ_క్లాస్:
కనబడదు. ఇలాంటి సన్నటి గొట్టంలో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే, అది కూడా చాలావరకు గాజు లోపలి గోడకు అంటుకుని, కాస్త ఆవిరిగా ఉంటుంది. జ్వరం చూసే పాత గాజు థర్మామీటరులో అర గ్రాము నుంచి గ్రాము దాకా ఉండేది. దాంతో పోలిస్తే ఇది వందో వంతు కూడా ఉండదు. కాబట్టి భయపడి పాపను ఆసుపత్రికి పరిగెత్తించాల్సిన అవసరం లేదు. కానీ శుభ్రం చేయాల్సిన పద్ధతి ఒకటుంది, అది ఇప్పుడైనా చేయండి.

పాపను వేరే గదిలోకి పంపండి. వంటింటి కిటికీలు, పెరటి తలుపు తెరిచి పావుగంట వదిలేయండి. పైన ఫ్యాను, ఏసీ వేయకండి, పొడిని ఇల్లంతా చిమ్ముతాయి. చీపురూ వద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. చీపురు పుల్లల్లో సన్నటి పొడి ఇరుక్కుని, మళ్లీ ఎక్కడ ఊడిస్తే అక్కడ రాలుతుంది. చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, పాత పెళ్లిపత్రిక లాంటి గట్టి అట్టముక్కతో మిగిలిన గాజు ఎత్తండి. కంటికి ఆనని ముక్కలకు ప్లాస్టరు టేపు జిగట వైపు ఒత్తి తీయండి. చివరికి తడి కాగితంతో ఆ చోటంతా తుడవండి. గాజు, అట్ట, టేపు, కాగితం, ఆ చీపురు కొసతో సహా అన్నీ మూతగట్టిగా ఉన్న సీసాలోనో, బిగుతుగా కట్టిన రెండు కవర్లలోనో పెట్టండి. చెత్తబుట్టలో వేసినవీ తీసి అందులోనే చేర్చండి. సింకులో మాత్రం ఏదీ కడిగి పంపకండి. ఆఖర్న చేతులు సబ్బుతో కడుక్కోండి.

హన్మకొండ_అమ్మ:
మేడం, నాకొక డౌటు. మా ఇంట్ల థర్మామీటరు పగిలినప్పుడు పిల్లలు ఆ గోళీలు పట్టుకొని ఆడుకున్నరు. చేతికి తగిలితే ప్రమాదమా? మింగితే?

కెమిస్ట్రీ_క్లాస్:
ఆడుకోవడం మంచిది కాదమ్మా. చర్మం గుండా పోయేది తక్కువ. పొరపాటున మింగితే పాదరసం దాదాపు మొత్తం పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. ప్రమాదమంతా ఆవిరిలో ఉంది. గది వేడికే అది మెల్లగా ఆవిరవుతూ ఉంటుంది, వాసన ఉండదు. ఆ పీల్చిన ఆవిరిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వెళుతుంది. అందుకే మంచం కింద దొర్లిపోయిన చిన్న గోళీని వదిలేయకూడదంటాను. టార్చిలైటు నేలకు ఆనించి పక్క నుంచి వేస్తే తళుక్కుమంటాయి.

ఇంకొకటి, థర్మామీటరు ఎత్తేటప్పుడు చేతి బంగారు గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టండి. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. మా ల్యాబులో ఒక మేడమ్ ఉంగరం చూస్తుండగానే వెండిలా తెల్లబడింది, కంసాలి దగ్గర బాగుచేయించుకోవాల్సి వచ్చింది.

చెరువుగట్టు:
కొన్ని మిల్లీగ్రాములే అని తేలిగ్గా తీసేయడం నాకు నచ్చలేదు. జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో ఏం జరిగిందో చదవండి. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, చేపల్లోకి ఎక్కి, వాటిని తిన్న జనానికి కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి. 1956లో ఆ జబ్బు బయటపడింది. ఆ ఊరి పేరు మీదే 2013లో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, మన దేశం 2018లో ఆమోదించింది. ఇంట్లో వాడే చిన్న సీఎఫ్ఎల్ బల్బులు 2025కల్లా, పొడవాటి ట్యూబులైట్లు 2027కల్లా ఆపేయాలని తర్వాతి సమావేశాల్లో నిర్ణయించారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో బల్బు డంపింగ్ యార్డుకు చేరితే చివరికి వెళ్లేది మన చెరువుల్లోకే, మన కొర్రమీనుల్లోకే.

కెమిస్ట్రీ_క్లాస్:
మీ బాధతో నేనూ ఏకీభవిస్తాను. కానీ మినమాటాలో జనం ఒంట్లోకి పోయింది మిథైల్ మెర్క్యూరీ అనే పాదరస సమ్మేళనం. బల్బులో ఉండేది లోహపు పాదరసం. రెండింటి విషప్రభావం ఒకటి కాదు. వంటింట్లో నిలబడి కంగారు పడుతున్న మనిషికి ఆ తేడా చెప్పకపోతే అనవసరంగా హడలిపోతారు.

చెరువుగట్టు:
చెరువు బురదలో సూక్ష్మజీవులు ఆ లోహాన్నే మిథైల్‌గా మారుస్తాయి. తేడా వంటింట్లో ఉంటుంది మేడమ్, చెరువులో ఉండదు.

కెమిస్ట్రీ_క్లాస్:
అది నిజం. అందుకే సింకులో పోయొద్దన్నాను, సీసాలో పెట్టమన్నాను.

సర్వీస్_బ్యాగ్:
తెనాలి గారూ, బల్బు చుట్టూ ఉండే గాజు గొట్టం పగిలిందా లేదా? అది చెప్పండి.

తెనాలి_ఇల్లు:
ఏ గొట్టం?

సర్వీస్_బ్యాగ్:
స్టీలు గొట్టం లోపల ఇంకో గాజు గొట్టం ఉంటుంది. బల్బు దాంట్లో ఉంటుంది. నీళ్లు దాని బయట పారతాయి. అది బాగుంటే నీళ్లకేం కాలేదు. పగిలితే నీళ్లు బల్బును తాకినట్టే. ట్యాంకు నీళ్లు తాగొద్దు.

తెనాలి_ఇల్లు:
బాగానే ఉంది, చూశాను. చుక్క నీళ్లు కారడం లేదు. వంటిల్లు కూడా మేడమ్ చెప్పినట్టే శుభ్రం చేశాం. ఇప్పుడు చోక్ కోసం వెళుతున్నాను.

ఆర్వో_వద్దు:
ఈలోగా రాగి బిందెలో నీళ్లు పట్టుకోండి. ఎన్ని తరాలు తాగలేదు.

పాత_వైర్‌మన్:
పసిపిల్ల ఉన్న ఇంట్లో ముందు నీళ్లు కాచాలండి. బుడబుడా మరిగాక ఒక నిమిషం ఉంచి దించి చల్లార్చుకుంటే చాలు. ఆ తర్వాత బిందెలో పోస్తారో, కుండలో పోస్తారో మీ ఇష్టం.

తెనాలి_ఇల్లు:
హమ్మయ్య! కొత్త చోక్ పెట్టగానే వెలిగింది. లోపల పెట్టేముందు బయటే చూశాను, భలే తెల్లగా, ట్యూబులైటులా వెలుగుతోంది.

సర్వీస్_బ్యాగ్:
తెల్లగానా? ఆపేయండి. గాజు పాలలా ఉందా, నీళ్లలా ఉందా?

తెనాలి_ఇల్లు:
పాలలా. ఎందుకు?

సర్వీస్_బ్యాగ్:
అది యూవీ కాదు. ఎమర్జెన్సీ లైటు ట్యూబు. తీసేయండి.

తెనాలి_ఇల్లు:
యూవీ అని అడిగే కొన్నానండి! ఫిట్ కూడా అయింది కదా.

పాత_వైర్‌మన్:
ఫిట్ అవుతుంది బాబూ, చిక్కంతా అక్కడే ఉంది. 6 వాట్ల ఎమర్జెన్సీ ట్యూబూ, 11 వాట్ల యూవీ ట్యూబూ ఒకే పొడవు, ఒకే లావు, పిన్నులూ ఒకటే. రెండింట్లోనూ పాదరసం ఆవిరి పుట్టించేది యూవీనే, 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో. ఎమర్జెన్సీ ట్యూబులో లోపలి తెల్ల పూత దాన్ని మామూలు వెలుతురుగా మార్చేస్తుంది, మిగిలినది మామూలు గాజు ఆపేస్తుంది. యూవీ ట్యూబుకు పూత ఉండదు, దాని గాజు కూడా వేరు, ఆ కిరణాలను బయటికి వదులుతుంది. నీ మిషన్లో ఇప్పుడున్న దానికి ఒక్క క్రిమి కూడా చావదు, ఉత్త దీపం అంతే.

కొనేటప్పుడు బల్బును వెలుతురుకెత్తి చూడు. అవతల పట్టుకున్న నీ వేలు స్పష్టంగా కనిపించాలి. రెండు చివర్లా సన్నటి తీగ చుట్టలు కనిపించాలి. వెలిగిస్తే లేత నీలం వస్తుంది, అది కూడా మసకగానే. అయితే దాన్ని బయట పెట్టి మాత్రం ఎన్నడూ వెలిగించకు. వెల్డింగు మంట చూసినవాళ్ల కళ్లు రాత్రికి ఇసుక పోసినట్టు ఎలా మండుతాయో అలాగే మండుతాయి. ఇవాళ దొంగ బల్బు కాబట్టి నీ కళ్లు బతికాయి. పెట్టేముందు గాజును వట్టి చేత్తో పట్టుకోకు, వేళ్ల జిడ్డు అంటితే కిరణాలకు అడ్డం, స్పిరిట్ దూదితో తుడిచి పెట్టు.

హన్మకొండ_అమ్మ:
మా మిషన్ల బల్బు రెండేండ్ల సంది వెలుగుతనే ఉంది. మంచిగనే ఉన్నట్టా?

సర్వీస్_బ్యాగ్:
వెలిగినా మార్చాలి. సుమారు 9,000 గంటలు. రోజంతా వెలిగే మిషను అయితే ఏడాదే.

ఆర్వో_వద్దు:
ఇప్పుడు యూవీ ఎల్ఈడీలు వచ్చాయి. పాదరసం లేదు, గాజు గొట్టం లేదు. ఆర్వో తీసేసి అది పెట్టుకుంటే సరిపోయే ఊళ్లు చాలా ఉన్నాయి. టీడీఎస్ ఎంతో ఇంకా చెప్పలేదు మీరు.

తెనాలి_ఇల్లు:
గుంటూరులో దొరికింది. గాజు క్లియర్‌గా ఉంది, 11 వాట్స్. పెట్టేశాను, పనిచేస్తోంది. థాంక్స్ అండి అందరికీ.

హన్మకొండ_అమ్మ:
మేడం, ఆ పగిలిన సామాను పెట్టిన సీసా ఎవరికియ్యాలె? మా ఇంట్ల గూడ పాత సీఎఫ్ఎల్‌లు సంచెడున్నయి.

కెమిస్ట్రీ_క్లాస్:
ఘన వ్యర్థాల నియమాలు 2016లో వచ్చినప్పుడే ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్‌లు, పగిలిన థర్మామీటర్లను ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా చూపించారు. తడి, పొడి చెత్తలో కలపకుండా మున్సిపాలిటీ బండి అబ్బాయికి విడిగా ఇవ్వాలి, ఏముందో నోటితో చెప్పి ఇవ్వండి, పాపం వాళ్లు వట్టి చేతులతో ఏరుతారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల్లో కూడా పాదరసం దీపాలున్నాయి, కాబట్టి అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రం దగ్గర్లో ఉంటే అక్కడా ఇవ్వొచ్చు.

హన్మకొండ_అమ్మ:
మా బండాయన అన్నీ ఒక్కదాంట్లనే ఏస్తుండు. హన్మకొండల సీఎఫ్ఎల్‌లు విడిగ తీసుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.