మాస్‌బర్గ్ 500 షాట్‌గన్‌కి లైటు: క్లాంపా, ఫోరెండా?

టెక్సాస్‌లో డెంటన్ దగ్గర మేకలు పెంచుతున్నాను. రాత్రిళ్లు కయోటీలు (తోడేలు జాతి జంతువులు) దొడ్డి కంచె దాకా వస్తున్నాయి. మొన్న టార్చి చంకలో ఇరికించుకుని తుపాకీ పంప్ లాగబోతే వెలుగంతా నా బూట్ల మీదే పడింది. 12 గేజ్ మాస్‌బర్గ్ 500 నాది. గొట్టానికి క్లాంపుతో పట్టే లైటా, ఫోరెండ్‌లోనే (పంప్ లాగేటప్పుడు పట్టుకునే ముందు పిడి) ఉండే లైటా, ఏది బిగించాలి?

జవాబు: అన్నా, నేను బ్యారెల్‌కీ, దాని కింద గుళ్లు ఉండే మ్యాగజైన్ ట్యూబ్‌కీ కలిపి పట్టే క్లాంపు వాడుతున్నాను. ముందు గుళ్లన్నీ తీసి, చాంబర్‌లో (గుండు పేలే అర) వేలు పెట్టి చూసుకోండి. ట్యూబ్ మీది నూనె బాగా తుడవాలి. నేను తుడవలేదు, పాతిక రౌండ్లకే లైటు ముందుకు జారింది. ఇప్పుడు స్క్రూలకు నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) వేసి, తలల మీదుగా తెల్ల పెయింటు గీత గీశాను. వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఫోరెండ్‌ను పూర్తిగా ముందుకు తోసినా లైటుకు తగలకూడదు. అద్దానికి పట్టే మసి పెన్సిల్ రబ్బరుతో పోతుంది.

జవాబు: నా ఓటు స్ట్రీమ్‌లైట్ టీఎల్-ర్యాకర్‌కే, అది లైటు లోపలే ఉన్న ఫోరెండ్. 1000 ల్యూమెన్లు, స్విచ్ పంప్ లాగే చేతి కిందే, వైరు గొడవ లేదు. మాస్‌బర్గ్ 500కి వేరు, రెమింగ్టన్ 870 షాట్‌గన్‌కి వేరు. ఫోరెండ్ బిగించే స్లైడ్ ట్యూబ్ అన్ని 500లకూ ఒకే పొడవు ఉండదు, కొలిచి కొనండి. దయచేసి దాంతో దొడ్డంతా వెతక్కండి, వెలుగు పడే చోటికే తుపాకీ గొట్టమూ తిరుగుతుంది. వెతకడానికి చేతి టార్చే.

అడిగినవారు: మా పిల్లలూ దొడ్డి వైపు వస్తుంటారు, ఆ మాట గుర్తుంచుకుంటాను. రేపే ట్యూబ్ కొలుస్తాను.