స్లాట్ కార్లకు యురెథేన్ టైర్లు: పట్టు సరే, మన్నిక సంగతేంది?

మూలాపేట మేడ (నెల్లూరు)
అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా మేడ మీద గదిలో మళ్లీ పందేలు పెట్టుకుందామని అనుకుంటున్నాం. నెల్లూరు, కావలి, ఒంగోలు కలిపి పది మందిమే అయినా, పోయినసారి టైర్ల దగ్గర మాటామాటా పెరిగింది. అందుకే ఈసారి ముందుగానే తేల్చుకుందాం. ట్రాక్ స్కేలెక్స్‌ట్రిక్ కంపెనీ ప్లాస్టిక్‌ది. కార్లు 1:32 సైజువి, అంటే అసలు కారు పొడవులో ముప్పై రెండో వంతు. అయస్కాంతాలు పీకేసి నడుపుతాం.

కొత్తగా చూసేవాళ్లకు ఒక్క మాట. ఇవి కరెంటుతో నడిచే బొమ్మ కార్లు, స్టీరింగ్ ఉండదు. ముందు భాగంలో కింద ఉన్న నాలుక ట్రాక్ గాడిలో కూర్చుంటుంది, చేతిలోని ట్రిగ్గర్‌తో వేగం పెంచడం తగ్గించడం ఒక్కటే మన పని. మలుపులో కారు నిలబడాలన్నా, ఎగిరి గోడకు తగలాలన్నా భారమంతా వెనక రెండు టైర్ల మీదే.

నేను అడిగేది ఇదే: వెనక చక్రాలకు అందరూ యురెథేన్ (రబ్బరు మాదిరి సాగే ఒక రకం ప్లాస్టిక్) టైర్లే వేయాలని నియమం పెడదాం. కారణం దుమ్ము. మా గది రోడ్డు వైపుకు ఉంది, పొద్దున తుడిచిన ట్రాక్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. కారుతో వచ్చిన రబ్బరు టైరు ఆ దుమ్ములో నాలుగు రౌండ్లకే జారుతుంది. సిలికాన్ అయితే, శుభ్రమైన ట్రాక్ మీద దాన్ని మించింది లేదు గానీ, దుమ్మంతా ఒంటికి పూసుకుని రెండు రౌండ్లలో చతికిలపడుతుంది. యురెథేన్‌ను తడిగుడ్డతో తుడిస్తే చాలు, మళ్లీ మొదటి రౌండు మాదిరే పట్టుకుంటుంది.

కావలి కంట్రోలర్
అన్నా, పట్టు గురించి నీతో వాదించను. నేనూ నడిపి చూశా, బో బాగుంటుంది. నా బాధ వేరే. మూడేళ్ల కింద నాలుగు జతలు తెప్పించి, రెండు జతలు వాడి, రెండు పెట్టెలో దాచా. మొన్న దసరాకి పెట్టె తెరిస్తే దాచినవి బంక మాదిరి అతుక్కుపోయి ఉండాయి. లాగితే వేళ్ల మధ్య పిండి పిండిగా రాలిపోయాయి. వాడి అరగదీస్తే ఏడుపు లేదు, వాడకుండానే పోయాయి గదా! అదే బీరువాలో ఉన్న పాత కారు రబ్బరు టైర్లు గట్టిపడ్డాయి గానీ చెక్కుచెదరలేదు. పైపొర గీకితే పరిగెత్తాయి.

టైర్ల ఖరీదు ఒక ఎత్తు, విదేశం నుంచి వచ్చే పోస్టు ఖర్చు ఇంకో ఎత్తు. ఇంటర్ చదివే పిల్లోడు పందేనికి వస్తే అవి యాడ తెస్తాడు? అందరి దగ్గరా ఉండేది కారుతో వచ్చిన రబ్బరే. నియమం దానికి పెట్టండి.

ఒంగోలు లేన్ 2
రబ్బరా యురెథేనా అన్నది తర్వాత. ముందు సిలికాన్‌ను బయట పెట్టండి. పోయినసారి గొడవకు మూలం అదే. రబ్బరు కార్లు తిరిగే కొద్దీ ట్రాక్ మీద సన్నటి పొర వేస్తాయి, వాటికి అది మేలు. సిలికాన్ కారు వచ్చి ఆ పొరను తన టైర్లకు అంటించుకుంటుంది, దాని పట్టూ పోతుంది, మిగతావాళ్ల లైనూ చెడుతుంది. యురెథేన్, రబ్బరు మాత్రం ఒకే ట్రాక్ మీద తగాదా లేకుండా తిరుగుతాయి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

అయస్కాంతాలు ఉంచి నడిపేవాళ్లు ఈ చర్చలోకి రావద్దని నా మనవి. ఇనుప పట్టాలు కారును కిందికి లాగుతుంటే ఏ టైరైనా మంచిదే అనిపిస్తుంది.

ఉప్పుగాలి (మైపాడు)
కావలి తమ్ముడి టైర్లు ఎందుకు పోయాయో చెప్తాను, ఇది నేను పిల్లలకు పాఠం చెప్పే విషయమే. పాలీయురెథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన తోటివాళ్లు కనిపెట్టారు. దాంట్లో రెండు పెద్ద రకాలు ఉన్నాయి. పాలియెస్టర్ రకం అరుగుదలకు, నూనెకు బాగా ఆగుతుంది, కానీ గాలిలోని తేమ దాని అణువుల గొలుసుల్లోని ఎస్టర్ బంధాలను నెమ్మదిగా తెంచేస్తుంది. పాలియీథర్ రకం తేమకు చాలా మేలు. బీరువాలో దాచిన బూట్ల అడుగులు పెళ్లి రోజున వేసుకుంటే ఊడి ముక్కలవడం అందరం చూశాం. ఆ బూట్లకు పట్టిన జబ్బే ఈ టైర్లకూ పట్టింది.

వేడి తోడైతే ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. మనది సముద్రం పక్క ఊరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అప్పుడు రేకుల గదిలో ఉక్కబోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి. బీరువాలో పెడితే భద్రం అనుకుంటాం. అక్కడే తేమ నిలుస్తుంది.

రబ్బరుకు వేరే రోగం. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని పైనుంచి గట్టిపరుస్తాయి. లోపల మెత్తగానే ఉంటుంది కాబట్టి పైపొర తీసేస్తే మళ్లీ పనికొస్తుంది. తేమ దెబ్బ తిన్న యురెథేన్‌కు ఆ వీలు లేదు.

కాబట్టి అరుగుదల వేరు, ఆయుష్షు వేరు. మూలాపేట అన్న మొదటిదాని గురించి మాట్లాడుతున్నాడు, తమ్ముడు రెండోదాని గురించి. ఇద్దరి మాటా నిజమే. నేనైతే యురెథేన్ వైపే ఉంటాను. మూత గట్టిగా పట్టే డబ్బాలో, మాత్రల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెడతాను.

మర బాబాయ్ (బుచ్చిరెడ్డిపాళెం)
అమ్మాయి చెప్పింది సత్యం. నేను రైస్‌మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశా, ఇప్పుడు మనవడి కోసం ఈ కార్లు చూస్తుండా. వడ్ల పొట్టు తీసేది రెండు రబ్బరు రోళ్లు. ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి వేగం, ఒకటి నిదానం. వేగం రోలు ముందు అరుగుతుంది, అందుకని రెంటినీ అటూ ఇటూ మారుస్తుంటాం. మీ టైరు అరిగేది కూడా రాపిడి వల్లనే, బరువు వల్ల కాదు. ట్రిగ్గర్ ఒక్కసారిగా నొక్కి చక్రాన్ని ఉన్నచోటే గిరగిరా తిప్పే పిల్లోడి టైరు ఏదైనా నిలవదు. ముందు చెయ్యి సాపు చేసుకోండి నాయనా.

ఇంకోటి. ఇరుసుకు కుట్టుమిషను నూనె వేస్తారు గదా, అది రబ్బరు టైరుకు అంటితే ఉబ్బుతుంది. యురెథేన్ అంత తొందరగా లొంగదు.

చీమకుర్తి సాన
బాబాయ్ మాటకు నాదొక చేర్పు. మీలో సగం మంది టైరు మంచిదా చెడ్డదా అంటున్నారే గానీ, గుండ్రంగా ఉందా లేదా చూడటం లేదు. పెట్టెలోంచి తీసిన టైరు ఏదీ నిండు గుండ్రంగా ఉండదు. ఒక పక్క ఎత్తుంటే కారు ఎగురుతుంది, ఎగిరిన క్షణం పట్టు సున్నా.

యురెథేన్‌ను రిమ్ముకు ఫెవిక్విక్‌తో అంటించొచ్చు. సిలికాన్‌కు ఆ జిగురు పట్టదు. అంటించాక 400 నంబరు వాటర్ పేపర్ బల్ల మీద పరిచి, తడిపి, కారును తక్కువ వోల్టేజీలో తిప్పుతూ మెల్లగా ఆనించండి. నీళ్లు తప్పనిసరి. మా గ్రానైటు పాలిషింగ్‌లో నీళ్లు ఆగితే రాయి మీద కాలిన మచ్చ పడుతుంది. ఇక్కడ నీళ్లు లేకపోతే యురెథేన్ వేడెక్కి బంకలాగా పూసుకుపోతుంది. తర్వాత మోటారు దగ్గర, కారు అడుగున బరువు కోసం కొంచెం సీసం పెట్టండి. మైపాడులో వలలకు కట్టే సీసం గుళ్లను సుత్తితో రేకులా కొడితే సరిపోతుంది. ఇంత చేశాక రబ్బరుకూ యురెథేన్‌కూ తేడా మీరనుకున్నంత ఉండదు.

మూలాపేట మేడ (నెల్లూరు)
ఆ చివరి మాట నాకు నమ్మబుద్ధి కాక నిన్న ఆదివారం చూశాను. ఒకటే కారు, అదే సీసం, రెండు జతల టైర్లూ నీళ్లతో సానపట్టినవే. తుడిచిన ట్రాక్ మీద చీమకుర్తి అన్న చెప్పిందే నిజమైంది. రెండూ దాదాపు ఒకటే. కిటికీలు తెరిచి మూడు గంటలు వదిలేశాక మాత్రం రబ్బరు కారు పెద్ద మలుపులో నిలవలేదు. యురెథేన్ నిలిచింది. 1957లో స్కేలెక్స్‌ట్రిక్ మొదలైనప్పుడు ట్రాకే రబ్బరుతో చేశారు, మనది నున్నటి ప్లాస్టిక్. దుమ్ము పడ్డాక దాని మీద గట్టిపడిన రబ్బరుకు పని లేదు.

అయితే కావలి తమ్ముడు అడిగిన పిల్లోడి సంగతి రాత్రంతా మనసులో తిరిగింది. అందుకని ఇట్టా చేద్దాం. సిలికాన్ వద్దు. యురెథేన్ టైర్లు ఎవరికి వాళ్లు తెచ్చుకోవద్దు, అందరం తలా కొంత వేసి తెప్పిద్దాం. రిమ్ములతో సహా సానపట్టి ఒకే డబ్బాలో పెట్టి, పందెం రోజున చీటీలు వేసి పంచుదాం. అయిపోయాక మళ్లీ డబ్బాలోకే.

కావలి కంట్రోలర్
చీటీల పద్ధతికి సరే అన్నా, డబ్బులు నేనూ వేస్తా. దుమ్ములో రబ్బరు నిలవదన్నది మాత్రం ఇంకా ఒప్పుకోను, కొత్త రబ్బరుతో మళ్లీ చూడాలి. నువ్వు వాడింది పాతది. సంక్రాంతికి కొత్త జత పట్టుకొస్తా. డబ్బా మాత్రం మీ మేడ మీద ఉంచొద్దు, పైన రేకులే గదా. అక్క దగ్గర పెట్టండి.

ఉప్పుగాలి (మైపాడు)
నా దగ్గరైతే సముద్రం ఇంకా దగ్గర తమ్ముడూ. చీమకుర్తి అన్న దగ్గర ఉంచండి, పొట్లాలు నేను పంపిస్తాను.